ఆగస్టులో మయోర్కాకు టికెట్లు కొన్నాము, వెళ్లాలా, మానుకోవాలా?

#1 మ్యూనిక్_మాధవి
మేము మ్యూనిక్‌లో ఉంటున్నాము. ఇక్కడివారికి స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపం దాదాపు పక్క ఊరితో సమానం. రెండు గంటల విమాన ప్రయాణం కాబట్టి మా ఆఫీసులో అక్కడికి ఒక్కసారైనా వెళ్లనివారు లేరు. పోయిన ఆగస్టులో మేము కూడా మొదటిసారి వెళ్లాము. కాలో దెస్ మోరో అనే చిన్న తీరం ఫోటోలు చూసి, పిల్లలిద్దరినీ పొద్దున్నే లేపి, ఎనిమిదిన్నరకల్లా అక్కడికి చేరుకున్నాము. అప్పటికే రాళ్ల దారిలో జనం వరుస కట్టి ఉన్నారు. కిందికి దిగడానికి ముప్పావు గంట పట్టింది. దిగాక తువ్వాలు పరిచే జాగా లేక, చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక ఫోటో తీసుకుని మళ్లీ పైకెక్కాము.

తిరిగి వచ్చే దారిలో ఒక గోడ మీద, టూరిస్టులు ఇంటికి పొమ్మని ఇంగ్లీషులో రంగుతో రాసి ఉంది. ఆ పక్కింటి గేటుకు అడ్డంగా ఎవరో కారు నిలిపి వెళ్లారు. ఇంటి పెద్దావిడ చేతిలో కూరగాయల సంచితో ఆ కారునే చూస్తూ నిలబడి ఉన్నారు. ఆ కారు మాది కాదు. కానీ మాదీ అలాంటి అద్దె కారే, నాలుగిళ్ల అవతల నిలిపి ఉంది.

ఈ ఏడాది మళ్లీ ఆగస్టు రెండో వారానికి టికెట్లు కొన్నాము. డబ్బు వెనక్కి రాదు, రుసుము కడితే తేదీలు మార్చుకోవచ్చు. ఈలోగా పర్యాటకులు ఎక్కువయ్యారని అక్కడివారు తీస్తున్న నిరసన ఊరేగింపుల వార్తలు చదువుతుంటే మనసు వెనక్కి లాగుతున్నది. మానుకోవడమే మంచిదా, లేక వెళ్లినా అక్కడివారికి భారం కాకుండా ఉండే మార్గం ఏదైనా ఉన్నదా? అక్కడి సంగతులు తెలిసినవారు చెప్పగలరు.

#2 బెర్లిన్_బాబాయి
మీరు అనవసరంగా మథనపడుతున్నారు. మనం దొంగతనానికి వెళ్లడం లేదు, డబ్బిచ్చి ఉండి వస్తున్నాము. హోటళ్లు, బస్సులు, అంగళ్లు అన్నీ మన రాక మీదే నడుస్తున్నాయి. రేపు ఎవరూ రాకపోతే వాళ్లే మళ్లీ ప్రకటనలు ఇస్తారు. భోజనం చేస్తున్నవారి మీద నీటి తుపాకులతో నీళ్లు చల్లిన మనుషులకు మనం జాలి చూపించాలా?

#3 మితభాషి
నీటి తుపాకుల సంఘటన 2024 జులైలో బార్సిలోనాలో జరిగింది. దానికీ మయోర్కాకూ మధ్య ఒక సముద్రం ఉంది.

#4 లెక్కల_మాస్టారు
బాబాయి గారు "డబ్బిచ్చి ఉంటున్నాము" అన్నారు కాబట్టి, ఆ డబ్బులో ద్వీపానికి నేరుగా వెళ్లేది ఎంతో చూద్దాము.

మయోర్కా, మెనోర్కా, ఇబిసా, ఫొర్మెంతేరా కలిసిన బాలెయారిక్ ద్వీపాల జనాభా సుమారు 12 లక్షలు. 2024లో అక్కడికి వచ్చిన పర్యాటకులు దాదాపు 1.87 కోట్ల మంది. మయోర్కా రాజధాని పాల్మా విమానాశ్రయం ఒక్కటే ఆ ఏడాది 3.3 కోట్ల రాకపోకలను మోసింది. వీరి మీద 2016 జులై నుంచి "సుస్థిర పర్యాటక పన్ను" వేస్తున్నారు. 2002లో కూడా ఒకసారి ఇలాంటి పన్ను తెచ్చారు కానీ, మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే ఎత్తివేశారు. ఇప్పటి పన్ను మే నుంచి అక్టోబరు వరకు మనిషికి రాత్రికి 1 యూరో నుంచి 4 యూరోల దాకా, బస చేసే చోటు స్థాయిని బట్టి ఉంటుంది. పదహారేళ్ల లోపు పిల్లలకు లేదు. తొమ్మిదో రాత్రి నుంచి సగమే.

మాధవి గారి కుటుంబం నాలుగు నక్షత్రాల హోటల్లో ఏడు రాత్రులు ఉంటే, పెద్దలిద్దరికి రాత్రికి 3 యూరోల చొప్పున 42, దాని మీద పదిశాతం అమ్మకపు పన్ను కలిపి 46 యూరోల 20 సెంట్లు. అదే నవంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళితే పన్ను పావు వంతే, అంటే 11 యూరోల 55 సెంట్లు. ఎప్పుడు రావాలో ఆ పన్నే చెబుతున్నది. అయితే వేల యూరోలు పెట్టి సెలవులకు బయలుదేరినవారు 35 యూరోల తేడా కోసం ఆగస్టును వదులుకుంటారని నేను నమ్మను.

#5 పాల్మా_పొయ్యి
వెళ్లేవారు, లెక్క కట్టేవారు మాట్లాడారు కాబట్టి వండేవాడి మాట కూడా వినండి. నేను పాల్మా దగ్గర ఒక పెద్ద హోటల్ వంటశాలలో పనిచేస్తున్నాను, ఇది మూడో ఏడాది. హోటల్ మార్చి నెలాఖరున తెరుస్తారు, అక్టోబరు చివర మూస్తారు. మా కొలువు కాగితం మీద శాశ్వతమే, పని మాత్రం ఏడు నెలలే. దీనిని ఇక్కడ "ఫిహో దిస్కొంతినువో" అంటారు. మిగతా నెలలు నిరుద్యోగ భృతి మీద గడపాలి.

నేను ఉండేది ఇంకా అనే ఊళ్లో. నిజంగానే ఊరి పేరు అదే. ఎక్కడుంటున్నావురా అని మా అమ్మ అడిగినప్పుడు "ఇంకాలో" అంటే, "ఇంకా ఎక్కడికి పోతావు" అని కోప్పడింది. నలుగురం ఒక ఫ్లాటులో ఉంటాము. నా గదికి అద్దె జీతంలో మూడో వంతు దాటుతుంది. ఒప్పందం పదకొండు నెలలకే రాశారు, ఎందుకంటే ఏడాదికి లోపు రాస్తే దీర్ఘకాలపు అద్దెదారుకు చట్టం ఇచ్చే రక్షణలు తప్పించుకోవచ్చునట. రైలులో పాల్మాకు నలభై నిమిషాలు. కానీ ఉదయం ఆరుకు మొదలయ్యే పనికి అందే రైలు లేదు కాబట్టి, గదులు శుభ్రం చేసే ఒకావిడ కారులో వెళతాను.

ఆవిడకు యాభై రెండేళ్లు. ఇలాంటి పని చేసేవారిని ఇక్కడ "కెయ్యీలు" అంటారు, "శుభ్రం చేసేవాళ్లు" అన్న స్పానిష్ మాటను కుదించి పెట్టుకున్న పేరు అది. రోజంతా పరుపులు ఎత్తి దుప్పట్లు మడవడంతో వారి నడుములు పోతున్నాయని ఎన్నో ఏళ్లు పోరాడితే, 2022లో వచ్చిన పర్యాటక చట్టంలో హోటళ్లు ఎత్తు పెంచగల మంచాలు పెట్టాలని రాశారు. మా హోటల్లో కొన్ని అంతస్తులకు అవి వచ్చాయి. కాలితో మీట నొక్కితే పరుపు మోకాలి దగ్గర నుంచి నడుము ఎత్తుకు లేస్తుంది. మొదటి రోజు ఆవిడ ఆ మీటను నాలుగైదుసార్లు ఊరికే నొక్కి చూసి నవ్వారు. అదే చట్టం కొత్త పర్యాటక బసలకు నాలుగేళ్లు అనుమతి ఆపింది కూడా.

మాధవి గారూ, మీరు రావద్దని నేను అనను. మీరు రాకపోతే నా ఏడు నెలలు ఆరవుతాయి, ఐదవుతాయి. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఆగస్టులో పదిన్నరకు అల్పాహారం ముగిశాక వచ్చి మా చెత్త డబ్బాలు చూడండి. ఒక్క కొరుకు కొరికి వదిలిన పుచ్చకాయ ముక్కలు, వేలు పెట్టి చూసి వదిలేసిన గుడ్లు, పిల్లలు పేర్చుకుని తినని రొట్టెలు ఉంటాయి. ఇక్కడి నేల నీళ్లతో పండినదీ, ఓడలో వచ్చినదీ, నా చేతుల మీదుగా వెళ్లినదంతా ఆ డబ్బాలోనే ఉంటుంది.

#6 ఓడ_ప్రయాణికుడు
ఇళ్ల కొరతే అసలు సమస్య అయితే, ఓడ ప్రయాణమే అన్నిటికంటే మేలు కదా? మేము గత ఏడాది ఎనిమిది రోజుల ఓడ ప్రయాణంలో పాల్మా చూశాము. ఓడలోనే పడుకున్నాము, ఓడలోనే తిన్నాము. ఎవరి ఇల్లూ, ఎవరి నీళ్లూ వాడుకోలేదు. ఎనిమిది గంటలు ఊరు చూసి వెళ్లిపోయాము.

#7 సోయెర్_కోడలు
ఓడ ప్రయాణికుడు గారూ, మీరు ఏమీ వాడుకోలేదు, ఏమీ కొనలేదు కూడా. ఓడలోనే భోజనం చేసేవారు ఊళ్లో వదిలి వెళ్లేది ఒక ఐస్‌క్రీము డబ్బులు, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం డబ్బులు. పెద్ద ఓడలు ఒకేసారి వేల మందిని దింపితే, లా సెవ్ చర్చి చుట్టూ ఉన్న సన్నని వీధుల్లో ఎదురెదురుగా ఇద్దరు నడవలేరు. అందుకే 2022 నుంచి పాల్మా రేవుకు రోజుకు మూడు ఓడలు మించకూడదనీ, వాటిలో ఐదు వేల మందికి పైగా పట్టే మహా ఓడ ఒక్కటే ఉండాలనీ ఓడల సంస్థలతో ఒప్పందం చేసుకున్నారు.

#8 ఓడ_ప్రయాణికుడు
అయస్కాంతం కొన్నమాట వాస్తవమే. అది ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉన్నది.

#9 లండన్_అన్నపూర్ణ
నాకు హోటల్ సరిపడదు. మేము శాకాహారులము, పిల్లవాడికి రాత్రి పెరుగన్నం లేనిదే నిద్ర పట్టదు. కాబట్టి వంటగది ఉన్న ఫ్లాటు తీసుకుంటాము. పాల్మాలో దొరికిన ఫ్లాటు చాలా చవక. ఇంటి యజమాని, ఎవరైనా అడిగితే తన స్నేహితులమని చెప్పమన్నాడు. అప్పుడు నవ్వుకున్నాము. ఇది తప్పా?

#10 లెక్కల_మాస్టారు
స్నేహితులమని చెప్పమన్నాడంటే ఆయన దగ్గర అనుమతి లేదని అర్థము. పాల్మా నగరంలో అపార్టుమెంట్లలోని ఫ్లాట్లను పర్యాటకులకు అద్దెకు ఇవ్వకూడదని నగరపాలక సంస్థ 2018లో తీర్మానించింది. దాని మీద చాలాకాలం వ్యాజ్యం నడిచి, చివరకు 2023లో స్పెయిన్ సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ నిషేధం అపార్టుమెంట్ల ఫ్లాట్లకే, విడి ఇళ్లకు కాదు. అనుమతి ఉన్న ఇంటి ప్రకటనలో "ఈ.టీ.వీ." అనే అక్షరాలతో నంబరు ఉంటుంది. అది కనిపించకపోతే తీసుకోవద్దు.

మీ పెరుగన్నానికి ఎవరూ అడ్డు చెప్పరు. మీరు చవకగా తీసుకున్న ఆ ఫ్లాటు, 5వ పోస్టులో వంటమనిషి గారు ఇంకాలో వెతుక్కున్న గదికి పాల్మాలో ఉండవలసిన ప్రత్యామ్నాయము.

#11 లండన్_అన్నపూర్ణ
ఆ కోణంలో నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే వంటగది ఉన్న సక్రమమైన బస ఏదైనా ఉంటే చెప్పండి. హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టి అంతస్తు మొత్తానికి కరెంటు పోగొట్టిన మనవాళ్ల కథ నాకు తెలుసు. ఆ మనవాళ్లు మేమే.

#12 సోయెర్_కోడలు
ద్వీపం మధ్యలోని సినెయు, పొర్రేరెస్ వంటి ఊళ్ల చుట్టూ "అగ్రోతురిస్మే" అని పాత పొలం ఇళ్లలో బస దొరుకుతుంది. కొన్నిటిలో వంటగది కూడా ఉంటుంది. సినెయులో బుధవారం సంత జరుగుతుంది. వంకాయలు, టమాటాలు, దారానికి గుత్తిగా కట్టి వేలాడదీసి నెలల తరబడి నిలవ ఉంచే రామెయ్యెత్ అనే చిన్న టమాటాలు దొరుకుతాయి. ఇక్కడి "తుంబెత్" అనే వంటకం వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం విడివిడిగా వేయించి టమాటా గుజ్జు పోసి చేస్తారు. శాకాహారులు నిర్భయంగా తినవచ్చు.

కానీ ఎంసైమాదా జోలికి మాత్రం పోవద్దు. చుట్టలు చుట్టి, పైన చక్కెర పొడి చల్లి, చూడటానికి అమాయకంగా ఉంటుంది. దానిలో పడేది పంది కొవ్వు. "సైం" అంటేనే ఆ కొవ్వు. మా అత్తగారు పెళ్లయిన కొత్తలో మా అమ్మకు ప్రేమతో ఒక పెద్ద డబ్బా పంపించారు.

#13 మితభాషి
తరువాత ఏం జరిగింది?

#14 సోయెర్_కోడలు
మా అమ్మ చాలా బాగుందని ఇంకొకటి పంపమన్నారు. ఈ రోజు వరకు నేను చెప్పలేదు.

#15 బెర్లిన్_బాబాయి
ఒక సులువైన ఉపాయం చెబుతాను. మాధవి గారి ఇబ్బంది అంతా ఆ ఒక్క ప్రసిద్ధమైన తీరం వల్ల వచ్చింది. దానిని వదిలి ఎవరికీ తెలియని చోట్లకు వెళితే రెండు పక్షాలకూ హాయి. నా దగ్గర అలాంటి పది తీరాల జాబితా ఉన్నది, ఇక్కడ పెట్టగలను.

#16 సోయెర్_కోడలు
దయచేసి పెట్టవద్దు. బాబాయి గారూ, మీరు చెప్పిన ఉపాయాన్ని ప్రభుత్వమే చేసి చూసింది. గుంపును పంచుదామని, అంతగా పేరులేని చోట్లను ఇన్‌ఫ్లుయెన్సర్లతో ప్రచారం చేయించింది. ఇద్దరు మనుషులు ఈత కొట్టే మూలల్లో వందల మంది దిగడంతో, ఇక అలాంటి ప్రచారం చేయబోమని 2025లో ప్రకటించింది. కాలో దెస్ మోరో ఉన్న సంతాన్యి ఊరి మేయరు, రోజుకు నాలుగు వేల మంది, 1,200 కార్లు వస్తున్నాయని మొరపెట్టుకున్నాక, పర్యాటక శాఖ తన ప్రచారం నుంచి ఆ తీరం ఫోటోలను తీసివేసింది. అక్కడికి వచ్చేవారి కాళ్లకు, తువ్వాళ్లకు అంటుకుని రోజుకు 60, 70 కిలోల ఇసుక పోతున్నదని ఇక్కడి అధికారులే చెప్పారు. 2024 జూన్‌లో స్థానికులు సుమారు మూడు వందల మంది పొద్దున్నే వెళ్లి ఆ ఇసుక మీద కూర్చున్నారు. మా ఆడపడుచు కూడా వెళ్లింది. చిన్నప్పటి తరువాత తాను ఆ నీళ్లలో దిగడం అదే మొదటిసారని చెప్పింది.

#17 బెర్లిన్_బాబాయి
జాబితా పెట్టను. ఆ పదిలో మూడు చోట్ల జెల్లీ చేపలు ఉన్నాయని బోర్డు చూసి నేను కూడా దిగలేదు లెండి.

#18 మితభాషి
ఆ బోర్డు మనకోర్ ప్రాంతంలో 2023 ఆగస్టులో చూశారా?

#19 బెర్లిన్_బాబాయి
అవును. మీకెలా తెలుసు?

#20 మితభాషి
అక్కడ కొందరు స్థానికులు ప్రమాదకరమైన జెల్లీ చేపలున్నాయని, రాళ్లు పడతాయని పెద్ద అక్షరాలతో ఇంగ్లీషు బోర్డులు పెట్టారు. కింద చిన్న అక్షరాలతో అక్కడివారి కాతలాన్ భాషలో, సమస్య జెల్లీ చేపలు కాదు జనం రద్దీ అనీ, తీరం తెరిచే ఉన్నదనీ రాశారు. కాతలాన్ చదవగలిగినవారు హాయిగా ఈత కొట్టారు.

#21 బెర్లిన్_బాబాయి
రెండేళ్లుగా ఆ జెల్లీ చేపల కథ అందరికీ చెబుతున్నాను. ఈ సంగతి ఇక్కడే ఉండనివ్వండి.

#22 నీటి_అడుగున
నేను బార్సిలోనాలో సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాను. ఇసుక సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. చాలామంది మయోర్కా తీరాల గురించి రాసే సమీక్షల్లో "ఒడ్డున గోధుమ రంగు చెత్త ఉంది, శుభ్రం చేయడం లేదు" అని ఫిర్యాదు చేస్తారు. అది చెత్త కాదు, నాచు కూడా కాదు. పోసిడోనియా అనే గడ్డి, నీటి అడుగున వేళ్లతో, ఆకులతో, పూలతో బతికే మొక్క. శరత్కాలంలో రాలిన ఆకులు ఒడ్డుకు కొట్టుకువచ్చి మెత్తని గట్టులా పేరుకుంటాయి. చలికాలపు అలలు ఆ గట్టును కొడతాయి కాబట్టి కింది ఇసుక నిలుస్తుంది. పర్యాటకులకు నచ్చదని యంత్రాలతో ఎత్తి పారేస్తే దానితోపాటు ఇసుకా పోతుంది.

ఈ గడ్డి ఏడాదికి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది. ఇబిసా, ఫొర్మెంతేరా మధ్య ఉన్న ఒక మైదానం 1999లో యునెస్కో జాబితాలోకి వెళ్లిన ప్రాంతంలో భాగము. పడవ లంగరు ఒక్కసారి ఈడ్చుకుపోతే, శతాబ్దాలు పెరిగిన గడ్డి నిమిషంలో లేచి వస్తుంది. అందుకే 2018లో ఈ గడ్డి మీద లంగరు వేయడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు తెచ్చారు. మీరు పడవ విహారానికి వెళితే, లంగరు ఎక్కడ వేస్తారని నడిపేవారిని ముందే అడగండి. తెల్లని ఇసుక మీద అని వెంటనే చెబితే ఆ మనిషికి విషయం తెలుసు. తడబడితే వేరే పడవ చూసుకోండి.

#23 మ్యూనిక్_మాధవి
మా అమ్మాయి పోయినసారి ఒడ్డున పీచు బంతుల్లాంటివి ఏరి డబ్బాలో దాచుకుంది. అవి కూడా ఈ గడ్డేనా?

#24 నీటి_అడుగున
అవును, దాని పీచు అలల్లో దొర్లి దొర్లి బంతులవుతుంది. ఒక బంతిని విప్పి చూడమనండి. ప్లాస్టిక్ పోగులు చిక్కుకుని ఉండవచ్చు. మయోర్కా తీరాల్లో ఏరిన బంతుల్లో అలా దొరికినట్లు 2021లో బార్సిలోనా పరిశోధకులు ప్రకటించారు.

#25 కాలినడక
ఇంతవరకు అందరూ సముద్రం గురించే మాట్లాడారు. నేను ఫిబ్రవరిలో త్రమున్తానా కొండల్లో ఆరు రోజులు నడిచాను. 2011లో యునెస్కో గుర్తించిన ఆ కొండవాలుల్లో సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాతి మీద రాయి పేర్చి కట్టిన మెట్ల పొలాలు ఉన్నాయి. ఒక చోట ఇద్దరు మేస్త్రీలు కూలిన గోడను తిరిగి కడుతుండగా చూశాను. పెద్దాయన రాయిని చేతిలో తిప్పి, సుత్తితో ఒక అంచు చిన్నగా కొట్టి, పెట్టి, తీసి, మళ్లీ తిప్పి పెట్టాడు. అరగంటలో మూరెడు గోడ లేచింది. ఈ దారిలో ద్వీప పాలక మండలి నడిపే సత్రాలు ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. నాకు కారు అవసరం పడలేదు.

దారిలో కూబెర్, గోర్గ్ బ్లావ్ అనే రెండు జలాశయాలు తగులుతాయి. పాల్మా నగరానికి నీళ్లు వాటి నుంచి కూడా వెళతాయి. ఫిబ్రవరిలో నీళ్లు బాగానే ఉన్నాయి. వానలు పడని జులై, ఆగస్టుల్లోనే జనం అత్యధికంగా వస్తారు కాబట్టి, పాల్మా, అల్కూదియా, అంద్రాచ్‌లలోని కర్మాగారాల్లో సముద్రపు నీటి ఉప్పు తీసి సరఫరా చేస్తారు. దానికి బోలెడు కరెంటు కావాలి. మాధవి గారూ, ఆగస్టు మానుకుని ఫిబ్రవరికి మార్చుకోండి. బాదం చెట్లు పూస్తాయి. తెగులు సోకి చాలా తోటలు ఎండిపోయాయి గానీ, మిగిలినవి పూసినప్పుడు చూడాలి.

#26 మ్యూనిక్_మాధవి
పిల్లల బడి మాటేమిటి? బవేరియాలో ఫిబ్రవరిలో వారమే సెలవు. ఆగస్టు నుంచి ఆరు వారాలు. ఊరికే ఆగస్టును పట్టుకుని వేలాడటం లేదు.

#27 లెక్కల_మాస్టారు
మీ రాష్ట్రంలో ప్ఫింగ్‌స్టెన్ అనే క్రైస్తవ పండుగకు రెండు వారాల సెలవు ఉంటుంది. అది మే చివర, జూన్ మొదట్లో వస్తుంది. జర్మనీలో చాలా రాష్ట్రాలకు అంత సెలవు లేదు. ఎండ ఉంటుంది, ఆగస్టు రద్దీ ఉండదు. పన్ను మాత్రం పూర్తిగా కట్టాలి, ఆ 46 యూరోలు తప్పవు.

#28 సోయెర్_కోడలు
కాలినడక గారి మాటలో నాకు ఒక అభ్యంతరం ఉంది. "ఆగస్టులో వద్దు, చలికాలంలో రండి" అని ఇప్పుడు అందరూ అంటున్నారు, ప్రభుత్వమూ అదే అంటున్నది. దాని వల్ల ఆగస్టు గుంపు తగ్గలేదు, ఫిబ్రవరికి కొత్త గుంపు మాత్రం తోడైంది. మా ఊరు సోయెర్‌కు పాల్మా నుంచి 1912లో వేసిన చిన్న చెక్క రైలు ఉంది. నారింజలు తరలించడానికి వేసిన ఆ రైలులో ఇప్పుడు ఊరివారెవరూ ఎక్కరు, అంతా పర్యాటకులే. మాకు మిగిలినవి బస్సులు. పోయిన అక్టోబరులో మా అత్తగారికి పాల్మాలో డాక్టరు దగ్గర పదింటికి వేళ ఇచ్చారు. రెండు బస్సులు నిండి ఆగకుండా వెళ్లిపోయాయి. మూడోదాని తలుపు తెరుచుకుంటే మెట్ల మీద దాకా సూట్‌కేసులే. డెబ్బై ఆరేళ్ల ఆవిడ ఇంటికి తిరిగి వచ్చి, చెప్పులు విప్పి, ఏమీ మాట్లాడకుండా బఠాణీలు ఒలవడం మొదలుపెట్టారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఊరు మాకు దక్కే రోజులు. వాటిని కూడా పంచుకోమంటే నాకు మనసొప్పడం లేదు.

#29 పాల్మా_పొయ్యి
కోడలు గారి బాధ అర్థమవుతున్నది. కానీ మీరు దాచుకోవాలనుకునే ఆ నాలుగు నెలలే నేను భృతి మీద బతికే నెలలు. హోటల్ జనవరిలో కూడా సగం నిండితే నాకు పన్నెండు నెలల జీతం వస్తుంది.

#30 సోయెర్_కోడలు
నిజమే. మీకు కావలసిందీ, నాకు కావలసిందీ ఒకే క్యాలెండరులో ఇమడవు. ఆగస్టును సగానికి తగ్గించి ఆ సగాన్నే చలికాలానికి మళ్లిస్తే ఇద్దరమూ ఒప్పుకోవచ్చు. నాకు కోపం వచ్చేది, తగ్గించడం అనే మొదటి సగాన్ని వదిలేసి, పెంచడం అనే రెండో సగాన్ని మాత్రమే అమలు చేసినప్పుడు.

#31 నీటి_అడుగున
తగ్గించడం అసాధ్యమేమీ కాదు. 2025 వేసవి నుంచి ఇబిసాలో వాహనాలు 20,168 మించకూడదని పరిమితి పెట్టారు. ఫొర్మెంతేరాలో అంతకుముందే ఉంది.

#32 లండన్_అన్నపూర్ణ
కార్ల మాట వచ్చింది కాబట్టి మా వారి ఘనకార్యం చెబుతాను. ఫొర్మెంతోర్ దీపస్తంభం చూద్దామని ఎండాకాలం మధ్యాహ్నం అద్దె కారులో వెళ్లాము. వేసవిలో పగటి వేళ ఆ దారిలో సొంత వాహనాలను రానివ్వరని బోర్డు ఉన్నదట. ఆయన దీపస్తంభం వైపు చూస్తున్నారు, కెమెరా మా నంబరు వైపు చూసింది. రెండు నెలల తరువాత లండన్‌కు జరిమానా కాగితం వచ్చింది. బస్సు ఉందని అప్పుడు తెలిసింది.

#33 కాలినడక
ఎరుపు, పసుపు రంగుల్లో ఉండే ఆ బస్సులు ద్వీపమంతా తిరుగుతాయి. పాల్మాలో ప్లాసా ఎస్పాన్యా కింద నేల మాళిగలో బయలుదేరుతాయి. బ్యాంకు కార్డు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి చూపించాలి. దిగేటప్పుడు మరిచిపోతే చివరి స్టాపు దాకా డబ్బు పడుతుంది. కోడలు గారి అత్తగారి సంగతి చదివాక ఒక్కటి చేరుస్తున్నాను. ఉదయం ఎనిమిది నుంచి పది వరకు, ఊరివారు పనులకు వెళ్లే వేళల్లో, సూట్‌కేసుతో ఎక్కకండి. పదకొండు గంటల బస్సు పట్టుకున్నా కొండ అక్కడే ఉంటుంది.

#34 బెర్లిన్_బాబాయి
నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నాను. డబ్బిచ్చి ఉంటున్నామన్న మాట ఇప్పటికీ అబద్ధం కాదు. అయితే ఆ డబ్బు ఇంకాలో ఉన్న వంటాయన గదికి గానీ, బస్సు అందని పెద్దావిడకు గానీ చేరడం లేదన్నది కూడా అంతే నిజము. పన్నును రెట్టింపు చేసి, ఆ డబ్బుతో పనివారికి ఇళ్లు కట్టమని నేను అంటాను. 92 యూరోలు కట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

#35 లెక్కల_మాస్టారు
92 యూరోల 40 సెంట్లు.

#36 మ్యూనిక్_మాధవి
అందరి మాటలూ చదివి, నిన్న రాత్రి మా వారితో కూర్చుని మార్పులు చేశాము. మనిషికి నలభై ఐదు యూరోల రుసుము కట్టి టికెట్లను వచ్చే ఏడాది ప్ఫింగ్‌స్టెన్ సెలవులకు మార్చాము. అద్దె కారు రద్దు చేశాము. సినెయు దగ్గర వంటగది ఉన్న పొలం ఇల్లు ఒకటి చూశాము, దాని ప్రకటనలో అనుమతి నంబరు ఉన్నది. కాలో దెస్ మోరోకు ఈసారి వెళ్లము. మా అబ్బాయి మాత్రం అలిగాడు, అక్కడ పోయినసారి అసలు ఈత కొట్టనే లేదని వాడి వాదన. వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

వంటమనిషి గారూ, మీరు ఉండే ఇంకా ఊరు సినెయు దారిలోనే ఉన్నదని మ్యాపులో చూశాను. మీకు ఇక్కడి నుంచి ఏమైనా తేవాలంటే చెప్పండి.

#37 పాల్మా_పొయ్యి
మూడేళ్లుగా గోంగూర పచ్చడి ముఖం చూడలేదు.

#38 నిర్వాహకుడు
పచ్చళ్ల రవాణా గురించి వంటల విభాగంలో మాట్లాడుకోగలరు.

#39 మ్యూనిక్_మాధవి
ఒక్క ప్రశ్నకు అనుమతించండి. సీసా ఏ చిరునామాకు తీసుకురావాలి?

#40 పాల్మా_పొయ్యి
అది ఇప్పుడే చెప్పలేను. నా గది ఒప్పందం ఏప్రిల్ నెలాఖరుకు అయిపోతుంది. వేసవికి పర్యాటకులకు ఇస్తే ఎక్కువ వస్తుందని యజమాని ఇప్పటికే చెప్పి ఉంచాడు. మీరు వచ్చేసరికి ఏ ఊళ్లో ఉంటానో తెలియగానే ఇక్కడే రాస్తాను.